కృతజ్ఞతకు ముందు ఆలోచన: గోదావరి జిల్లాల కాలేజీ విద్యార్థులకు ఒక సాధన పద్ధతి

కొన్నేళ్ల కిందట, నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీలో రెండో సంవత్సరం విద్యార్థులకు ఒక పని అప్పగించాను. ప్రతి రాత్రీ పడుకునే ముందు, తాము కృతజ్ఞత చెప్పుకోవలసిన ఐదు విషయాలు నోటుబుక్కులో రాయాలి. నెలాఖరున తెచ్చి చూపిస్తే ఇంటర్నల్ మార్కుల్లో కొంత కలుపుతాను. నెల తిరిగేసరికి అరవై నోటుబుక్కులు నా బల్ల మీద పేరుకున్నాయి. తెరిచి చూస్తే దాదాపు అన్నింటిలోనూ ఒకటే వరస: తల్లిదండ్రులు, గురువులు, దేవుడు, స్నేహితులు, ఆరోగ్యం. ఒక అబ్బాయి మొదటి పుటలో ఈ ఐదూ రాసి, తక్కిన ఇరవై తొమ్మిది పుటల్లోనూ 'పైవిధంగానే' అని రాశాడు. అప్పుడు కోపం వచ్చింది గాని, ఇప్పుడు తలచుకుంటే ఆ తరగతి మొత్తంలో నిజాయతీగా రాసినవాడు అతనొక్కడే అనిపిస్తుంది. మనసులో జరగని పనిని కాగితం మీద, అదీ మార్కులు ఎరవేసి జరిపించబోయిన తప్పు నాది.

కృతజ్ఞత అనే మాటలోనే దానికి దారి ఉంది. 'కృతం' అంటే చేయబడినది. 'జ్ఞ' అంటే ఎరిగినవారు. ఒకరు మన కోసం చేసినదాన్ని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. అంటే అది ఉప్పొంగే భావం కావడానికి ముందు ఒక ఎరుక, ఆలోచన చేయవలసిన పని. పొద్దస్తమానం జరిగిపోయిన అవమానాన్ని తలచుకుంటూనో, తోటివాడి ప్యాకేజీతో తనను తూచుకుంటూనో, ఇంటివాళ్ల రుణం ఎలా తీరుస్తానా అని కుంగుతూనో ఉండే మనసుకు ఆ ఎరుక కలిగే తీరిక ఉండదు. అందుచేత ఇక్కడ చెప్పే పద్ధతి జాబితాతో మొదలు కాదు. తన ఆలోచన ఏ దారిన నడుస్తున్నదో ముందు చూసుకోవాలి, అందులో బిగుసుకున్న ముడులను వదులు చేసుకోవాలి, ఆ తరవాతనే కలం పట్టాలి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలే వేళకు మొదలుపెడితే సార్వా కోతల నాటికి, అంటే దాదాపు ఒక సెమిస్టరు గడిచేసరికి, తేడా తెలుస్తుంది.

ఈ సాధన వల్ల పెరగవలసింది శ్రేయస్సు కాబట్టి, ఆ మాటను కూడా ముందే తేల్చుకోవడం మంచిది. ఎడ్ డీనర్ వంటి పరిశోధకులు దానిని రెండు వైపుల నుంచి కొలిచారు. తన బతుకు మొత్తం మీద తనకున్న తృప్తి ఒక వైపు. రోజువారీ అనుభవంలో సంతోషానికీ బాధకూ ఉన్న తూకం రెండో వైపు. సీజీపీఏ ఈ రెండింటిలో దేనికీ కొలత కాదు.

మొదటి వారం: ఏదీ మార్చకుండా గమనించడం

నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు నాడియా గార్నెఫ్‌స్కీ, వివియన్ క్రాయ్, ఫిలిప్ స్పిన్‌హోవెన్ 2001లో ఒక ప్రశ్నావళిని ప్రకటించారు. చెడు జరిగినప్పుడు మనిషి లోలోపల ఆలోచించే తీరును అది 36 వాక్యాల ద్వారా తొమ్మిది రకాలుగా విడదీస్తుంది. మన విద్యార్థికి తెలిసిన ఒకే సంఘటన మీద ఆ తొమ్మిదింటినీ పెట్టి చూద్దాం. మిడ్ పరీక్షలో ముప్పైకి తొమ్మిది మార్కులు వచ్చాయి. 'నా బుర్రకు ఇది ఎక్కదు' అనుకోవడం తనను తాను నిందించుకోవడం. 'ఆయన పాఠం అలా చెబితే ఎవరికి వస్తాయి' అనుకోవడం ఎదుటివారిని నిందించడం. ఆ తొమ్మిదినే రాత్రంతా తిప్పి తిప్పి తలచుకోవడం నెమరువేత. 'ఈ సబ్జెక్టు పోయినట్టే, బ్యాక్‌లాగ్ ఉంటే ప్లేస్‌మెంటుకు కూర్చోనివ్వరు, ఇక నా బతుకింతే' అనుకోవడం గోరంతను కొండంత చేయడం. ఇవి నాలుగూ ఒక జట్టు, మనసును కుంగదీసేవి. తేరుకోవడానికి తోడ్పడే రెండో జట్టులో ఐదున్నాయి. వచ్చింది తొమ్మిదే అని ఒప్పుకోవడం. కాసేపు మనసును హాయినిచ్చే మరో విషయం మీదికి మళ్లించడం. రెండో మిడ్‌కు ఏ యూనిట్లు ముందు చదవాలో ఆలోచించడం. ఈ దెబ్బలో పనికొచ్చేది ఏమైనా ఉందా అని తిరిగి బేరీజు వేయడం. ఇంతకన్నా పెద్ద కష్టాలు ఉన్నాయని గుర్తు చేసుకోవడం.

ఈ పట్టిక కంఠస్థం చేయనక్కరలేదు. వారం రోజుల పాటు, రోజులో మనసును బాగా గుంజిన ఒక్క సంఘటనను ఎంచుకుని నాలుగు వరసలు రాస్తే చాలు: ఏం జరిగింది, మనసులో మొదట మెదిలిన వాక్యం ఏమిటి, ఆ ఆలోచన ఎంతసేపు నడిచింది, చివరికి లేచి ఏం చేశాను. ఇందులో రెండో వరస ప్రాణం. దానిని పుస్తక భాషలో కాకుండా మనసు ఎలా పలికిందో అలాగే రాయాలి. 'నిరుత్సాహం కలిగింది' అని రాస్తే ఏమీ తెలియదు; 'ఛీ, మళ్లీ నేనే' అని రాస్తే అంతా తెలుస్తుంది. ఈ వారంలో ఏదీ సరిదిద్దుకోకూడదు. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిని చూసినట్టు చూడటమే. ఏడు రోజుల తరవాత ఏడు వాక్యాలనూ వరసగా చదివితే, వాటిలో నాలుగో ఐదో ఒకే గొంతులో మాట్లాడుతున్నాయని ఎక్కువమందికి తెలిసిపోతుంది. అదే వారి ఆలోచన అలవాటు.

నెమరువేత

తొమ్మిదింటిలోనూ నేను ఎక్కువసేపు ఆగేది దీని దగ్గరే. గేదె నెమరు వేస్తే పాలైనా వస్తాయి. మనిషి నెమరు వేస్తే నిద్ర చెడుతుంది, అంతే. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు సూసన్ నోలెన్-హోక్సిమా ఈ అలవాటు మీద దశాబ్దాల పాటు పని చేశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దిగులు పడినప్పుడు ఎలా ఆలోచిస్తారో ఆమె బృందం నమోదు చేసి పెట్టుకున్న కొద్ది రోజులకే, 1989 అక్టోబరు 17న ఆ ప్రాంతాన్ని లోమా ప్రియెటా భూకంపం కుదిపింది. పది రోజుల తరవాత, మళ్లీ ఏడు వారాల తరవాత అదే విద్యార్థులను పరిశీలిస్తే, భూకంపానికి ముందే నెమరువేసే అలవాటున్నవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ఆపద అందరికీ ఒకటే, దాన్ని తలకెత్తుకున్న తీరు మాత్రం ఒకటి కాదు. తుపానులూ వరదలూ కొత్త కాని మన లంక గ్రామాల వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నెమరువేతకూ ఆలోచనకూ తేడా కనుక్కోవడానికి ఒక గుర్తు ఉంది. నెమరువేతలో ప్రశ్నలు 'ఎందుకు'తో మొదలవుతాయి: నాకే ఎందుకిలా, వాడు నన్నెందుకు అలా అన్నాడు, నేనెందుకు ఇలాంటివాణ్ణి. వీటికి జవాబు దొరకదు, దొరికినా మనసు ఒప్పుకోదు. ఆలోచనలో ప్రశ్నలు 'ఏది, ఎప్పుడు, ఎవరితో' అని ఉంటాయి: ఏ యూనిట్ ముందు, ఏ రోజు, ఎవరిని అడిగి. కాబట్టి మనసు తిరగలిలా తిరుగుతున్నట్టు తెలిసిన వెంటనే నడుస్తున్న ప్రశ్నను కాగితం మీద పెట్టి, దానిలోని 'ఎందుకు'ను కొట్టివేసి, ఆ స్థానంలో రెండో రకం ప్రశ్న ఒకటి రాయాలి. జవాబు ఒక్క వరసలో వస్తే ఆ పని మొదలుపెట్టాలి. రాకపోతే ఆ రాత్రికి ఇక రాదు. లేచి ఒంటికి కదలిక ఇవ్వాలి: కాలువ గట్టు మీద నడవవచ్చు, బకెట్టుడు బట్టలు ఉతుక్కోవచ్చు. నోలెన్-హోక్సిమా ప్రయోగాల్లో మనసు మళ్లించడానికి ఇచ్చిన వ్యవధి ఎనిమిది నిమిషాలే. ఆ కాస్త సమయమే దిగులు బరువును తగ్గించింది. ఫోను మాత్రం ఈ పనికి పనికిరాదు. అది మనసును మళ్లించినట్టే మళ్లించి, రెండో రీలుకే ఎవరిదో ఆఫర్ లెటరు కళ్ల ముందు పెడుతుంది.

హాస్టళ్లలో ఇంకో రకం ఉంది, జట్టుగా నెమరువేయడం. రాత్రి పదకొండుకు నలుగురు ఒక మంచం మీద చేరి, ఒకరి బాధను నలుగురూ కలిసి పొద్దుపోయేదాకా చిలుకుతారు. ఇది స్నేహమేనని, మంచిదేనని అనిపిస్తుంది, సగం నిజం కూడా. బడి పిల్లలను పరిశీలించిన ఆమండా రోజ్ 2002లో ప్రకటించిన అధ్యయనంలో ఇలాంటి కబుర్ల వల్ల స్నేహమూ చిక్కబడింది, దిగులూ చిక్కబడింది. కబుర్లు మానమని నేను చెప్పను. అదే కథ మూడోసారి మొదలైనప్పుడు నలుగురిలో ఒకరు 'సరే, రేపు పొద్దున్న ఏం చేద్దాం' అని అడిగే ఒప్పందం పెట్టుకుంటే చాలు.

పోలిక సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలిసినదే. పెద్దపండక్కి ఊళ్లో చుట్టాలంతా చేరాక గారెల పళ్లెం అందించకముందే 'ఎంత ప్యాకేజీ వచ్చిందిరా' అని అడుగుతారు. అడిగేవారిని మార్చలేం. మనసులో జరిగే పోలికను మాత్రం సగంలో ఆపకుండా పూర్తి చేయవచ్చు. పక్క వీధి అబ్బాయి జీతంతో పోల్చుకుంటే, అతని అప్పు, అద్దె, ఒంటరితనం, నాలుగేళ్లుగా ఇంటికి రాలేకపోవడం కూడా ఆ లెక్కలో కలపాలి. లెక్క పూర్తయ్యేసరికి పోలిక దానంతటదే విసుగు పుట్టి ఆగిపోతుంది.

రుణం అనే ముడి

మన దగ్గర కృతజ్ఞతకు అడ్డుపడే అసలు ముడి ఇదేనని నా నమ్మకం. తెలుగులో మేలు చేసినవారికి 'మీకు రుణపడి ఉంటాను', 'ఈ జన్మకు మీ రుణం తీర్చుకోలేను' అంటాం. అందమైన మాటలే. కాని దాళ్వా దిగుబడి మీద ఫీజు కట్టే కౌలు రైతు కొడుక్కీ, రొయ్యల చెరువు వైరస్ వచ్చి దెబ్బతిన్నాక చెల్లి చదువు ఆపి తనను చదివిస్తున్నారని తెలిసిన అబ్బాయికీ రుణం అలంకారం కాదు, నిజంగా మోయలేని బరువు. అలాంటివారిని 'తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞత రాయి' అంటే, రాసిన ప్రతిసారీ ఆ బరువు ఒక వీశె పెరుగుతుంది.

ఈ రెండూ ఒకటి కావని పరిశోధనలో కూడా తేలింది. ఫిలిప్ వాట్కిన్స్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో, మేలు చేసినవారు తిరిగి ఏదో ఆశిస్తున్నారని తెలిసినకొద్దీ రుణభావం పెరిగింది, కృతజ్ఞత తగ్గింది. 2013లో క్రిస్టిన్ లేయస్, సోన్యా ల్యుబోమిర్‌స్కీ తదితరులు అమెరికా, దక్షిణ కొరియా విద్యార్థుల మీద ఒకే రకం సాధనలను నడిపారు. కృతజ్ఞతాలేఖలు రాయడం అమెరికా విద్యార్థులకు ఇతరులకు సాయం చేయడంతో దాదాపు సమానంగా మేలు చేసింది. కొరియా విద్యార్థులకు లేఖల వల్ల కలిగిన మేలు, సాయం చేయడం వల్ల కలిగినదానికంటే స్పష్టంగా తక్కువ. పెద్దల త్యాగం మీద పిల్లల చదువు నిలబడే మన ఇళ్లు ఈ విషయంలో అమెరికా కంటే కొరియాకే దగ్గర అని నాకనిపిస్తుంది.

రాజోలు వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒక అమ్మాయి నోటుబుక్కు నాకు ఈ ముడి విప్పే దారి చూపించింది. వాళ్లమ్మ నరసాపురం వ్యాపారులకు లేసు అల్లి ఇస్తుంది. రోజూ సాయంత్రం ఫోనులో 'మా ఆశలన్నీ నీ మీదేనమ్మా' అంటుంది. ఆ అమ్మాయి పుట పుటకూ 'అమ్మానాన్నల రుణం' అని రాసి, ఒకరోజు 'ఇది రాస్తే ఊపిరాడటం లేదు మాస్టారూ' అంది. 'రుణం అనే మాట కొట్టేసి, ఈ వారంలో అమ్మ చేసిన ఒక్క పని రాయమ్మా, చూసింది చూసినట్టు' అన్నాను. ఆమె రాసింది ఇది: ఆదివారం రాత్రి కరెంటు పోయింది. అమ్మ ఛార్జింగు లైటు వెలిగించుకుని అల్లిక పట్టుకుంది. నేను పక్కన పుస్తకం తెరిచాను. అమ్మ ఏమీ అనకుండా లైటును నా వైపు జరిపింది. తను వేళ్లతో తడుముకుంటూ కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లింది.

తరవాతి వారం ఇంటికి వెళ్లినప్పుడు 'ఆ రోజు నీకు కనిపించిందా అమ్మా' అని అడిగిందట. 'చేతికి తెలుసమ్మా' అందట వాళ్లమ్మ. ఆ పుటలో తీర్చవలసిన అప్పు ఏదీ లేదు. జరిపిన లైటు ఉంది, దాన్ని గమనించిన కూతురు ఉంది.

కాబట్టి ఈ దశలో చేయవలసిన పని ఇది. రుణం, త్యాగం, ప్రేమ, సేవ వంటి పెద్ద మాటలు రాకుండా చూసుకుని, వాటి స్థానంలో క్రియలు రాయాలి: జరిపింది, ఆగింది, తెచ్చింది, అడగలేదు. అలా రాసినా గుండె బరువెక్కుతూనే ఉంటే, ఒక నెల పాటు రాయడమే మానేసి, వారానికి రెండు మూడు సాయాలు చేయడం మేలు. జ్వరంతో తరగతికి రాని మిత్రుడికి నోట్సు రాసిపెట్టడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు దగ్గర తికమకపడే జూనియర్ పక్కన కూర్చోవడం లాంటివి. ఇవ్వడం తెలిసినవారికి, పుచ్చుకోవడం అప్పుగా కనిపించడం తగ్గుతుంది.

వారానికి ఒక పుట

ఇప్పుడు కలం. నేను మొదట చేసిన రెండో తప్పు రోజూ రాయించడం. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లౌ 2003లో ప్రకటించిన పరిశోధనలో మొదటి భాగం కాలేజీ విద్యార్థుల మీదే జరిగింది. వారిని మూడు జట్లు చేసి, పది వారాల పాటు వారానికొకసారి ఒక జట్టు చేత కృతజ్ఞత కలిగించిన విషయాలు ఐదు దాకా, మరో జట్టు చేత చిరాకు పెట్టినవి, మూడో జట్టు చేత ఊరికే జరిగిన సంఘటనలు రాయించారు. మొదటి జట్టు తమ బతుకును మిగతా రెండు జట్ల కంటే తృప్తిగా చూసింది. చిరాకులు రాసినవారి కంటే వ్యాయామానికి కూడా ఎక్కువ సమయం ఇచ్చింది. ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల సాధనలో, వారానికి ఒకసారి రాసినవారికి శ్రేయస్సు పెరిగిందనీ, మూడుసార్లు రాసినవారికి పెరగలేదనీ గమనించింది. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో వారం రోజుల పాటు రోజూ మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయన్న కారణంతో సహా రాయించినప్పుడు ఆ మేలు ఆరు నెలల దాకా కనిపించింది. అంటే సంఖ్యకంటే కారణం ముఖ్యం, తరచుదనం కంటే తాజాదనం ముఖ్యం. కూరలో ఉప్పులాగే ఇది కూడా మోతాదు మించితే రుచి చెడుతుంది.

ఆదివారం సాయంత్రం ఒక పుట, అందులో మూడు సంగతులు. ఒక్కొక్కదానికి నాలుగైదు వాక్యాలు: ఎవరు, ఏ రోజు, ఏం చేశారు, అది చేయడానికి తమది ఏం పక్కన పెట్టారు, అది జరగకపోయి ఉంటే నా వారం ఎలా ఉండేది. 'మెస్సు వాళ్లకు కృతజ్ఞతలు' అన్నది ఈ లెక్కలో సున్నా. 'బుధవారం ల్యాబు ఆలస్యమై రెండు గంటలకు వెళితే పప్పు అయిపోయింది. వంటావిడ తన కోసం తీసిపెట్టుకున్న గిన్నెలోంచి సగం నా కంచంలో వేసి, తను పచ్చడితో తింది' అన్నది పుట. నెలకొకసారి, చేయి కంటికి కనిపించని మనిషిని ఒకరిని వెతికి రాయాలి. చేలోకి నీరు వచ్చిందంటే ఎక్కడో లాకుల దగ్గర ఒక లస్కరు వేళకు తలుపు ఎత్తి ఉంటాడు. ఆ నీటికి పండిన వడ్ల డబ్బే ఫీజుగా మారి ఉంటుంది.

ఆ ఆఖరి వాక్యాన్ని, 'జరగకపోయి ఉంటే' అన్నదాన్ని, చాలామంది వదిలేస్తారు. వదలవద్దు. డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ తదితరులు 2008లో చేసిన ప్రయోగాల్లో, ఒక మంచి సంఘటన ఎలా జరిగిందో రాసినవారికంటే, అది ఎలా జరగకుండా పోయి ఉండేదో రాసినవారికే మనసు ఎక్కువ తేటపడింది. అలవాటైపోయిన మేలు కంటికి ఆనదు. లేదని ఊహిస్తేనే మళ్లీ కనిపిస్తుంది. మన డెల్టాకే ఈ లెక్క వేసి చూడవచ్చు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ నడిపించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అంతకు ముందు ఈ నేల చూసినవి 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన. పక్కనే నది పొంగి పారుతున్నా చేను ఎండిన కాలం అది. ఊరూరా కాలువ గట్ల మీద కాటన్ విగ్రహాలు పెట్టుకున్నవారూ, గోదావరి స్నానంలో సంకల్పం చెప్పుకుంటూ ఆయనను తలచేవారూ ఈ తీసివేత లెక్కను మనసులో చేసినవారే. అక్కడ ఇంకొకటి గమనించదగింది. ఆయన రుణం ఎవరూ తీర్చలేరు, తీర్చమని అడిగేవారూ లేరు. చేసిన పని తెలిసి ఉండటం మాత్రమే మిగిలింది, అది ఎవరికీ బరువుగా లేదు. ఆ ఆనకట్టకు రాళ్లు మోసినవారి పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. పుట రాసేటప్పుడు వారినీ తలచుకోవచ్చు.

చెప్పడం

రాసినదంతా చెప్పనక్కరలేదు. సెమిస్టరుకు ఒకరికి, ఎదురుగా వెళ్లి చెబితే చాలు. సెలిగ్మన్ పరిశోధనలోనే, లేఖ రాసి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చినవారికి సంతోషం అన్ని సాధనల్లోకీ ఎక్కువగా పెరిగింది, కాని నెల దాటాక నిలవలేదు. వెళ్లడానికి సంకోచం సహజం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో చూపినట్టు, లేఖ రాసేవారు అవతలివారికి ఇబ్బందిగా ఉంటుందని ఎక్కువగా, వారు పొందే సంతోషాన్ని తక్కువగా అంచనా వేస్తారు.

మన ఇళ్లలో మరో చిక్కు ఉంది. థాంక్స్ అంటే 'మనలో మనకు థాంక్సులేంటి, పరాయివాళ్లమా' అని చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఆ మాట పక్కన పెట్టి, జరిగిన పనినే తిరిగి చెప్పాలి. 'పిన్నిగారూ, మొన్న నాకు జ్వరం వచ్చినప్పుడు విడిగా చారన్నం కలిపి పైకి పంపించారు కదండీ, అది తిన్నాకే పరీక్ష రాయగలిగానండీ.' ఇంతే. అవతలి నుంచి 'ఆయ్, దానిదేముంది బాబూ' అన్న జవాబు తప్ప ఇంకేదీ రాకపోవచ్చు, మర్నాడు కంచంలో ఒక అప్పడం ఎక్కువ పడవచ్చు.

ఎక్కడ వాడకూడదు

ర్యాగింగ్ జరిగినప్పుడు, తరగతిలో కులం పేరో ఇంటి పరిస్థితో ఎత్తి అవమానించినప్పుడు, హాస్టల్లో నీళ్లు పురుగులు పట్టినప్పుడు, ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఆపినప్పుడు కృతజ్ఞత మందు కాదు. అక్కడ కావలసింది అర్జీ. 'ఉన్నదానికి సంతోషించు' అన్న మాటను పై అధికారం ఉన్నవారు కింది వారి నోరు మూయించడానికి వాడటం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట విన్న విద్యార్థి ఆ తరవాత కృతజ్ఞత అనే పదాన్నే అసహ్యించుకోవడం కూడా చూశాను. అలాగే వరదలో ఇల్లు పోయినవాడికి 'ప్రాణాలు మిగిలాయి కదా' అని మనం చెప్పకూడదు. ఇంతకన్నా పెద్ద కష్టాలు ఉన్నాయన్న ఊరట తనకు తాను చెప్పుకుంటేనే ఊరట; ఇంకొకరు చెబితే అది గాయం మీద కారం.

ఈ సాధన బలాన్ని కూడా ఉన్నంతే చెప్పాలి. 2021లో క్రెగ్, చీవెన్స్ 27 అధ్యయనాలను కలిపి చూస్తే, కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద కృతజ్ఞతా సాధనల ప్రభావం స్వల్పమేనని తేలింది. మామూలు రోజుల్లో మనసుకు బలం ఇస్తుంది. వ్యాధికి చికిత్స కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తప్పినా, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నోటుబుక్కు మూసి మనిషితో మాట్లాడాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రూమ్మేటు పరిస్థితి అలా ఉంటే అతని చేత చేయించవచ్చు, పక్కన కూర్చోవచ్చు.

ఇప్పుడు నేను నోటుబుక్కులు సేకరించడం లేదు, మార్కులూ ఇవ్వడం లేదు. సెమిస్టరు చివర పెన్సిలు పట్టుకుని ఎవరి నోటుబుక్కు వారు మొదటినుంచి చదువుకోమంటాను. మొదటి వారంలో రాసుకున్న ఆ ఏడు వాక్యాలను చివరి వారంలో మనసులో మెదిలిన వాక్యాల పక్కన పెట్టి చూసుకోవాలి. గొంతు ఎక్కడ మారిందో అక్కడ గీత గీయాలి. తరవాత పుటల్లో కనిపించిన మనుషులను లెక్కపెట్టాలి. మెస్సు వంటావిడ, బస్సు కండక్టరు, లైబ్రరీ అటెండరు, లస్కరు: వీరిలో పేరు తెలియక హోదాతోనే రాసినవారు ఎందరో చూసుకుని, సెలవులకు ఊరికి వెళ్లే లోపల వారి దగ్గరికి వెళ్లి పేరు అడిగి, ఆ ఖాళీల్లో రాసుకోవాలి.